మారుపేరుతో బతికిన ఉప్పుమొక్క

కువైట్‌లోని ఎగైలాలో తెలుగు కుటుంబం అద్దెకున్న ఫ్లాటు ఏదో కింద నిలబడి చెప్పేయొచ్చు. బాల్కనీలో తులసి కుండీ, దాని పక్కన కలబంద, ఓపిక ఉంటే రాయ్‌లోని జుమా బజారు నుంచి మోసుకొచ్చిన అడీనియం. తులసికి రోజూ నీళ్లు పొయ్యాలి, ఆగస్టులో నీడ కూడా వెతకాలి. మిగతా రెండింటికీ ఆ బెంగ లేదు. సెలవు దొరికి నెల్లాళ్లు కడపకో కాకినాడకో వెళ్లొచ్చినా అవి చెక్కుచెదరవు. ఆకులోనో కాండంలోనో నీళ్లు దాచుకుని కాలం గడిపే ఇలాంటి మొక్కలనే సక్యులెంట్లు అంటున్నాం.

బాల్కనీలోవి కొనుక్కొచ్చినవి. ఈ తీరపు నేల తనంతట తాను మొలిపించే సక్యులెంట్లు వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ కుండీలో పెట్టుకోరు. ఫహాహీల్ హైవే, ది గేట్ మాల్, వరసకట్టిన అపార్టుమెంట్ల మధ్య ఎగైలాలో ఇప్పుడు అసలు నేల కనపడటమే తక్కువ. దాన్ని చూడాలంటే కారు దక్షిణానికి తిప్పి ఖిరాన్ దాకా పోవాలి. అక్కడ నేలలోపలి ఉప్పునీరు పైకి ఊరి, ఎండకు ఆవిరై, మట్టిమీద తెల్లటి పెచ్చు కడుతుంది. అరబ్బులు సబ్ఖా అంటారు, మన కోస్తావాళ్లు ఉప్పుపర్ర అంటారు. గల్ఫ్ చుట్టూ ఉన్న ఇలాంటి పర్రల్లో బతికే ఒక మొక్క 2005లో శాస్త్రానికి కొత్త జాతిగా పరిచయమైంది. పేరు బీనెర్టియా సైనస్‌పెర్సిసి. ఎవరి కంటా పడకుండా ఎక్కడో దాక్కున్న మొక్కేం కాదది. అప్పటిదాకా పక్కింటివాళ్ల పేరుతో చెలామణి అయిందంతే.

చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. ఏడాదిలో మొలిచి, పూచి, కాచి పోయే మొక్క. చుట్టుపక్కల గడ్డి మాడిపోయే ఎండాకాలంలో ఇది పచ్చగా నిలుస్తుంది. ఆకు సన్నగా, పొడుగ్గా, దాదాపు గుండ్రంగా, లోపల నీళ్లతో బిగుతుగా ఉంటుంది. గిల్లితే నారో పీచో తగలదు, చెమ్మ తగులుతుంది. పూలకు ఆకర్షించే రేకులుండవు. ఎండలు తగ్గి చలి మొదలయ్యే రోజులకు కాయ ముదిరి, దాని నడుం చుట్టూ గుండ్రటి రెక్క విచ్చుకుంటుంది. మామూలు మనిషి దీన్ని తొక్కుకుంటూ పోతాడు. చాలామంది వృక్షశాస్త్రజ్ఞులూ అలాగే పోయారు.

ఈ ప్రజాతికి బీనెర్టియా అని పేరు పెట్టింది రష్యన్ సామ్రాజ్యపు వృక్షశాస్త్రజ్ఞుడు బుంగె. పర్షియాలో మొక్కలు సేకరించిన బీనెర్ట్ గుర్తుగా పెట్టాడు. ఆ పేరును అచ్చులోకి తెచ్చింది స్విట్జర్లాండ్‌కు చెందిన బొయిస్సియే, 1879లో, తన 'ఫ్లోరా ఓరియెంటాలిస్' నాలుగో సంపుటంలో. అందులో ఉన్నది ఒక్క జాతే: బీనెర్టియా సైక్లోప్టెరా, అంటే గుండ్రటి రెక్కలది. ప్రజాతికంతటికీ జాతి ఒక్కటే అయినప్పుడు పేరు చెప్పడం చాలా తేలిక. కాయకు గుండ్రటి రెక్క ఉందా, ఆకు నీళ్లతో నిండి ఉందా, ఇంకేం, సైక్లోప్టెరానే. ఇరాన్ లోపలి మైదానాల్లో దొరికినదానికీ అదే పేరు, గల్ఫ్ తీరంలో దొరికినదానికీ అదే పేరు. నూట పాతికేళ్లకు పైగా ఎవరికీ అనుమానం రాలేదు.

రాకపోవడానికి కారణం బద్ధకం అనుకుంటే పొరపాటు. ఆ కారణం పాత దినపత్రికల మధ్య ఉంది.

మొక్కను గుర్తించే పని సాధారణంగా హెర్బేరియంలో జరుగుతుంది. పూతా కాయా ఉన్న కొమ్మను కోసి, దినపత్రికల మధ్య పరిచి, చెక్కల మధ్య బిగించి, రోజూ కాగితాలు మారుస్తూ ఆరబెడతారు. ఎండాక సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టమీద అతికించి, మూల చీటీలో ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారో రాస్తారు. మామిడాకుకో మర్రాకుకో ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. రెండువందల ఏళ్ల తర్వాత తీసి చూసినా ఈనె ఈనె లెక్కపెట్టొచ్చు. సక్యులెంట్ల దగ్గరే పేచీ. నీళ్లు నిండిన కొమ్మ ప్రెస్సులో చావదు. కొన్ని రకాలు వారాల తరబడి బతికే ఉంటాయి, కాగితాల చీకట్లోనే పాలిపోయిన కొత్త చిగురు వేస్తాయి, చివరికి ఆకులన్నీ రాల్చేసి ఉత్త కాడ మిగులుస్తాయి. మిగతావి బూజు పడతాయి. అందుకే ముందు వేడినీళ్లలో ముంచో, ఫ్రిజ్‌లో గడ్డకట్టించో చంపి, అప్పుడు నొక్కుతారు. లావుపాటివైతే నిలువునా చీల్చి లోపలి గుజ్జు గీకేస్తారు. పూలను విడిగా ఆల్కహాలు సీసాలో వేస్తారు. ఇంత చేసినా బీనెర్టియా లాంటి దాని ఆకు ఎండితే నల్లబడి, ముడుచుకుని, వేలితో తాకితే పొడి అవుతుంది. రెండు జాతుల మధ్య తేడా ఏ ఆకు ఒంట్లో ఉందో ఆ ఆకే అట్టమీద ఉండదు.

సక్యులెంట్ల వర్గీకరణ మొదటినుంచీ గందరగోళంగా ఉండటానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. మిగతా సగం వాటిని ఇష్టపడేవాళ్లు. రంగు కాస్త మారితే కొత్త జాతి అనేసే ఉత్సాహం కుండీల్లో మొక్కలు పెంచేవాళ్లకు ఎక్కువ. ఎండలో పెంచితే ఎర్రబడి, నీడలో పెంచితే సాగిపోయే మొక్కల విషయంలో ఆ ఉత్సాహం ప్రమాదకరం.

బీనెర్టియా సంగతి తేల్చిన అనుమానం హెర్బేరియం నుంచి రాలేదు. ఆకు అన్నం వండుకునే తీరు నుంచి వచ్చింది.

ఎండలో మొక్కకు పెద్ద చిక్కు ఒకటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టాల్సిన రుబిస్కో అనే ఎంజైము, వేడి పెరిగేకొద్దీ దానికి బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటూ తప్పులు చేస్తుంది. వరికి, గోధుమకు ఈ బాధ తప్పదు. కలబంద, నాగజెముడు రాత్రిపూట మాత్రమే పత్రరంధ్రాలు తెరిచి, కార్బన్‌ను ఆమ్లంగా దాచుకుని, పగలు తలుపులేసుకుని వాడుకుంటాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు ఇంకో దారి పట్టాయి. వాటి ఆకులో రెండు రకాల కణాలుంటాయి. బయటి కణాలు కార్బన్‌ను పట్టి నాలుగు కర్బన పరమాణువుల ఆమ్లంగా మార్చి లోపలికి పంపుతాయి. నాళాల చుట్టూ దండకట్టినట్టున్న లోపలి కణాలు దాన్ని విడగొట్టి రుబిస్కోకు దగ్గరగా అందిస్తాయి. ఆక్సిజన్‌కు అవకాశం దొరకదు. దీన్నే సీ4 పద్ధతి అంటారు. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు క్రాంజ్ అనే మాట గుర్తుండే ఉంటుంది. ఆ రెండు వరసల కణాల అమరికే అది. అది లేకుండా నేలమీద పెరిగే మొక్కల్లో సీ4 ఉండదని పాఠ్యపుస్తకాలన్నీ రాసేవి.

ఎండిన ఆకు ముక్కలోని కర్బన ఐసోటోపుల నిష్పత్తి కొలిస్తే ఆ మొక్క ఏ పద్ధతిలో బతికిందో తెలిసిపోతుంది. ఆకు నల్లబడినా, పొడి అయినా ఆ లెక్క చెడదు. ఉప్పునేలల మొక్కల్లో కొన్నిటి లెక్క సీ4 అంటుంటే, వాటి ఆకును కోసి మైక్రోస్కోపు కింద పెడితే దండ కనిపించలేదు. 2001లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కొమరోవ్ సంస్థకు చెందిన ఎలెనా వోజ్నెసెన్స్‌కయా, అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలోని జెరాల్డ్ ఎడ్వర్డ్స్, విన్సెంట్ ఫ్రాన్సెస్కీ బృందం, జర్మనీలోని హెల్ముట్ ఫ్రైటాగ్ కలిసి 'నేచర్' పత్రికలో మొదటి ఉదాహరణ ప్రకటించారు. మధ్య ఆసియాకు చెందిన బోర్స్‌జోవియాలో ఒకే కణం రెండు కణాల పనీ చేసుకుంటోంది. మరుసటేడు బీనెర్టియాలోనూ అదే తేలింది, ఇంకా విచిత్రంగా.

బీనెర్టియా ఆకుకణాన్ని చూస్తే కోడిగుడ్డులో పచ్చసొన గుర్తొస్తుంది. కణం నడిమధ్యలో హరితరేణువులూ మైటోకాండ్రియా ఒక్కచోట ముద్దగా చేరి గుండ్రటి బంతి కడతాయి. దాని చుట్టూ రిక్తిక, అంటే నీళ్లగది. ఆ గదిని చీల్చుకుంటూ సన్నటి జీవద్రవ్యపు కాలవలు కణం అంచుదాకా పోతాయి. అంచున మరో రకం హరితరేణువులు పలచగా పరుచుకుని ఉంటాయి. అంచున కార్బన్ పట్టుబడి ఆమ్లమవుతుంది, కాలవల్లోంచి నడిమి బంతికి చేరుతుంది, అక్కడి మైటోకాండ్రియాలో మళ్లీ విడుదలై, ఆ పక్కనే కాచుకుని ఉన్న రుబిస్కోకు దొరుకుతుంది. జొన్న రెండు గదులు కట్టుకుని చేసే పనిని ఇది ఒక్క గదిలో నీళ్లు అడ్డం పెట్టుకుని చేస్తోంది. లేత ఆకులో ఈ ఏర్పాటేమీ ఉండదు, ఆకు ముదిరేకొద్దీ కుదురుకుంటుంది. బంతిని చెదరకుండా నిలబెట్టేవి కణంలోపలి సూక్ష్మనాళికలని 2006లో తేలింది. వరికి సీ4 నేర్పాలని ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధనా సంస్థ ఇర్రీ లాంటివి ఏళ్లుగా తంటాలు పడుతున్న కాలంలో, రెండు రకాల కణాల అవసరమే లేదంటున్న మొక్క మీద చూపు పడకుండా ఎలా ఉంటుంది!

ఇంత ఆసక్తి పుట్టాక మొక్కను అట్టమీద చూసి సరిపెట్టుకోలేరు. విత్తనం తెచ్చి మొలిపించాలి, పెంచాలి, దగ్గరుండి కొలవాలి. అప్పుడే అసలు తేడాలు బయటపడ్డాయి. టెహ్రాన్ విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్రజ్ఞుడు హొస్సేన్ అఖానీ, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు 2005లో 'సిస్టమాటిక్ బోటనీ' పత్రికలో ఆ తేడాలు వరసపెట్టారు. గల్ఫ్ తీరపు మొక్క బీజదళాలు సైక్లోప్టెరా వాటికన్నా పొడుగు. పూలు పెద్దవి, గింజలు పెద్దవి, క్రోమోజోములు కూడా పెద్దవి. ఒకటి చలికాలంలో గడ్డకట్టే లోపలి ప్రాంతాలది, రెండోది వేడి తీరానిది. ఈ ఆధారాల జాబితాను కాస్త నిదానంగా చూడండి. బీజదళాలు గింజ మొలకెత్తిన కొత్తలో కనిపించే మొదటి రెండాకులు. పూతా కాయా ఉన్న కొమ్మను మాత్రమే కోసే సేకర్త చేతికి అవి ఎన్నటికీ చిక్కవు. క్రోమోజోములు చూడాలంటే పెరుగుతున్న కణాలు కావాలి. పాత సేకర్తలు ఎంత జాగ్రత్తపరులైనా వాళ్ల అట్టల్లో ఈ సాక్ష్యాలు దొరికే వీల్లేదు.

2012లో అఖానీ బృందమే ఇరాన్ మధ్యలోని ఉప్పు ఎడారుల నుంచి బీనెర్టియా కవిరెన్స్ అనే మూడో జాతిని ప్రకటించింది. నూట పాతికేళ్లు ఒక్కటే అనుకున్నది, ఏడేళ్లలో మూడైంది.

కొత్త జాతిని కనుక్కోవడం వేరు, దాని పేరు చెల్లుబాటయ్యేలా చేయడం వేరు. రెండోది పూర్తిగా దస్తావేజుల వ్యవహారం, మన రిజిస్ట్రార్ ఆఫీసుకేం తీసిపోదు. వృక్షనామాల అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఒక నమూనాను టైపుగా ప్రకటించాలి. రేపు వాదన వస్తే ఆ పేరు ఎవరిదో తేల్చేది ఆ ఒక్క అట్టే. దాన్ని ఏ హెర్బేరియంలో పెట్టారో రాయాలి. దగ్గరి జాతితో తేడా ఏమిటో స్పష్టంగా చెప్పాలి. 1935 నుంచి 2011 చివరిదాకా ఆ మాట లాటిన్‌లో చెప్పకపోతే పేరు చెల్లేది కాదు. సైనస్‌పెర్సిసి 2005 నాటిది కాబట్టి దానికి లాటిన్ తప్పలేదు. కవిరెన్స్ వచ్చేసరికి నియమం సడలి, ఇంగ్లిష్ అయినా చాలన్నారు. అన్నట్టు సైనస్‌పెర్సిసి అంటే పర్షియన్ గల్ఫ్‌ది అని అర్థం. ఈ సముద్రాన్ని అరేబియన్ గల్ఫ్ అని తప్ప మరో పేరుతో పిలవడానికి ఇష్టపడని దేశాల తీరం పొడుగునా ఆ పేరుతోనే ఈ మొక్క మొలుస్తోంది. ఒకసారి సక్రమంగా అచ్చయిన పేరును నచ్చలేదని మార్చడానికి నియమావళి ఒప్పుకోదు.

బీనెర్టియా కుటుంబంతో మన కోస్తాకు చుట్టరికం ఉంది. బీనెర్టియాకు అతిదగ్గరి బంధువు సుయేడా. గోదావరి తీరపు పర్రల్లో దాన్ని ఇలకూర అనేవాళ్లు. సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించిన స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ దాన్ని తెలుగు పేరుతో సహా రికార్డు చేశాడు. 1790ల మొదట్లో వచ్చిన కరువులో సముద్రం పక్కన ఉండే పేదలు వేల మంది ఈ ఆకు తిని ప్రాణాలు నిలుపుకున్నారని కూడా రాశాడు. ఉప్పు ఆకును వండుకుని తినాల్సి రావడం ఎలాంటి గతో వేరే చెప్పక్కర్లేదు. ఆ మొక్కను వాళ్లు ఏ హెర్బేరియం సాయం లేకుండానే గుర్తుపట్టారు.

అరేబియాకూ గోదావరికీ మధ్య ఇంకో ముడి ఉంది. స్వీడన్ మహాపండితుడు లిన్నేయస్ శిష్యుల్లో ఒకడు పీటర్ ఫోర్స్‌కోల్. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో అరేబియా వచ్చి, మొక్కలు సేకరిస్తూ 1763లో యెమెన్‌లోని యరీమ్‌లో మలేరియాతో చనిపోయాడు. ఆయన రాతలను బృందంలో ప్రాణాలతో మిగిలిన ఒకే ఒక్కడు నీబుర్ 1775లో అచ్చేయించాడు. మన బాల్కనీల్లోని అడీనియం శాస్త్రానికి పరిచయమైంది ఆ పుస్తకంతోనే. లిన్నేయస్‌కు మరో శిష్యుడు కోనిగ్. ఆయన 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో దగ్గరున్నది రాక్స్‌బర్గే.

రాక్స్‌బర్గ్ 1795లో అచ్చేసిన మొదటి సంపుటంలో ఒక సక్యులెంటు ఉంది. ఆకుల్లేని నాలుగు పలకల కాడ, పైకి లేచేకొద్దీ సన్నబడుతుంది, కొసన చిన్న ముదురు రంగు పూలు. ఆయన స్టాపీలియా అడ్‌సెండెన్స్ అన్నాడు. రాబర్ట్ బ్రౌన్ 1810లో ఈ గుంపుకు కొత్త ప్రజాతి ఏర్పరుస్తూ, రాక్స్‌బర్గ్ రాసుకున్న కారల్లం అన్న తెలుగు పేరునే తీసుకుని కారల్లుమా చేశాడు. అరబ్బీ నుంచి వచ్చిందని వాదించేవాళ్లూ లేకపోలేదు. రాయలసీమలో అది కుందేటికొమ్ములు. ఇక్కడ కువైట్‌లో, అహ్మదీ గవర్నరేట్ మొత్తంలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చిన డ్రైవర్లకు, ఇళ్లల్లో పనిచేసే అక్కలకు కొదవ లేదు. అడగండి, "గొర్రెలు కాసేటప్పుడు ఉప్పద్దుకోని తింటాంటిమి సార్, ఆకలి చంపుతాది" అనేవాళ్లు దొరక్కపోరు. ఆ ఆకలి చంపే గుణాన్నే ఇప్పుడు బరువు తగ్గించే మాత్రల్లో పెట్టి అమ్ముతున్నారు. 2017లో బ్రౌయిన్స్, ఆయన సహచరులు డీఎన్ఏ ఆధారంగా కారల్లుమాను, ఇంకా బోలెడు ప్రజాతులను సెరోపీజియాలో కలిపేయాలన్నారు. అందరూ ఒప్పుకోలేదు. పేరు పెట్టి రెండు శతాబ్దాలు దాటినా కుందేటికొమ్ముల ఇంటిపేరు ఇంకా కోర్టులోనే ఉంది.

మన కొండల్లో కొత్త జాతులు దొరకడం ఆగిపోలేదు. రణపాలకు చుట్టమైన కలాంచో చెరుకొండెన్సిస్ ఉమ్మడి విశాఖ జిల్లా చెరుకొండ నుంచి వచ్చింది. కుందేటికొమ్ములకు దగ్గరి బంధువులైన బ్రాకిస్టెల్మాలు దుంపలో నీరు దాచుకుని, తొలకరి పడ్డాక కొద్దిరోజులు గడ్డిలో గడ్డిగా తలెత్తుతాయి. నల్లమల పేరుతో ఒకటి, పెంచలకోన పేరుతో ఒకటి గత పదిహేనేళ్లలోనే శాస్త్రంలోకి చేరాయి.

కువైట్ విషయానికొస్తే, 1994లో లుత్ఫీ బౌలోస్, అల్ దోసరీ తయారుచేసిన జాబితాలో ఈ దేశపు అడవి మొక్కలు 374. అందులో 256 ఏడాది మొక్కలు. చెట్టు ఒక్కటంటే ఒక్కటే. ఇంత చిన్న జాబితాలో కొత్తది దొరకడం తేలికేమీ కాదు. అయినా దొరికిన సందర్భం ఉంది. బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు హెరాల్డ్ డిక్సన్ భార్య వయొలెట్ డిక్సన్ 1929లో ఇక్కడికొచ్చి, ఎడారిలో బెదూయిన్లతో కలిసి తిరుగుతూ మొక్కలు కోసి లండన్‌లోని క్యూ తోటకు పంపేది. అలా పంపిన ఊదారంగు పూల ఖుజామాకు 1939లో హార్‌వూడియా డిక్సోనియే అని ఆమె పేరు పెట్టారు. సక్యులెంటు కాదు, ఆవాల కుటుంబం. ఆమె వృక్షశాస్త్రం చదువుకున్న మనిషీ కాదు. ఏ పువ్వు ఏ వానకు పూస్తుందో తెలిసినవాళ్లతో మాట్లాడే అలవాటు ఉన్న మనిషి.

సముద్రం పక్కన స్థలం ఉంటే ఇల్లో షాలేనో లేచే దేశంలో ఉప్పుపర్రకు కాపలా ఎవరుంటారు? రిజర్వులు ఉన్నాయి, 2014 నాటి 42వ నంబరు పర్యావరణ చట్టమూ ఉంది. దాని ప్రకారం అడవి మొక్కను పీకితే జరిమానా. కాబట్టి ఈ వ్యాసం చదివి జుమా సెలవుకు ఖిరాన్ పోయి, బీనెర్టియాను వేళ్లతో సహా లాక్కొచ్చి బాల్కనీలో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఫొటో తీయండి. వేసవిలో తీసిన ఆకుల ఫొటోతో పెద్దగా పని జరగదు, ఈ నేలల్లో నీళ్లాకుల మొక్కలన్నీ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో కాయ ముదిరాక వెళ్లి, కొమ్మ పక్కన వంద ఫిల్సుల బిళ్ల పట్టుకుని, కాయ రెక్క స్పష్టంగా పడేలా దగ్గరగా తీయాలి. మొక్క మొత్తం ఒకటి, అది నిలబడ్డ నేల ఒకటి. ఐనేచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే పేరు చెప్పేవాళ్లున్నారు. కాయ లేకపోతే మాత్రం వాళ్లకూ కష్టమే.